‘హిప్‌స్టర్’ అనే మాటకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ ‘హిప్‌స్టర్’ గారికి,

నమస్కరించి వ్రాయునది. తమరి పుణ్యమా అని నిన్న నా ఆదివారం మధ్యాహ్నం గంగలో కలిసింది. భోజనాలయ్యాక ఎవరో తమరి పేరెత్తారు. నలుగురిలా కాకుండా వేరే వేషం, వేరే అభిరుచులతో తిరిగేవాణ్ని అలా అంటారట. దీపాలు పెట్టే వేళకు కూడా తమరెవరో తేలలేదు గానీ, అది నేనేనని మాత్రం తేలిపోయింది.

నా మీద సాక్ష్యాలు: గడ్డం, మందపాటి ఫ్రేము కళ్లద్దాలు, గేర్లు లేని సైకిలు. కాదన్నాను. ‘‘చూశారా, అసలైన హిప్‌స్టర్ ఎన్నడూ ఒప్పుకోడు’’ అన్నారు. పోనీ, అవునన్నాను. ‘‘ఒప్పుకున్నాడు కదా!’’ అన్నారు. నోరు మూసుకున్నాను. ‘‘ఆ నిర్లక్ష్యం చూడండి, అచ్చం వాళ్లదే!’’ గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నవాడు దొరికిపోతాడని విన్నాను. తడుముకోనివాడూ దొంగే అనే న్యాయం తమరి దర్బారులోనే చూశాను.

తమరి వంశచరిత్ర చెప్పి గట్టెక్కుదామనుకున్నాను. 1940లలో అమెరికాలో జాజ్ సంగీతం రుచి తెలిసినవాళ్లకు పెట్టిన పేరిది. హ్యారీ గిబ్సన్ అనే పియానో వాద్యకారుడు ‘హ్యారీ ది హిప్‌స్టర్’ అని దర్జాగా చెప్పుకున్నాడు. 1957లో నార్మన్ మెయిలర్ అనే అమెరికన్ రచయిత దీని మీద పెద్ద వ్యాసమే రాశాడు. హిప్పీ అనే మాటా ఇందులోంచే పుట్టింది. ఈ శతాబ్దం మొదట్లో న్యూయార్క్‌లోని విలియమ్స్‌బర్గ్ పేట చేరేసరికి తిట్టుగా మారింది అన్నాను. ‘‘ఇంత తెలిసినవాడు మరేమవుతాడు?’’ అన్నారు. శిక్ష ఖరారు.

తీర్పు చెప్పినవాడి ఇంట్లో బీరువా నిండా గ్రామఫోను రికార్డులు. అది అభిరుచి అట. నాది వేషమట.

ఇక తమరూ లేదు, గిమరూ లేదు. నీకు అర్థమంటూ ఒకటి ఏడ్చిందా? నాకు నచ్చినదే నా తర్వాత ఆరు నెలలకు ఎవడికి నచ్చితే వాడు! నీ అర్థమంతా ఇంతే. దీనికి ఓ మధ్యాహ్నం బలి!

2019లో ‘ఎం.ఐ.టి. టెక్నాలజీ రివ్యూ’ అనే అమెరికన్ పత్రిక ఓ గణిత పరిశోధన గురించి రాసింది. అందరికంటే భిన్నంగా ఉండాలనుకునేవాళ్లు చివరికి ఒకేలా ఎందుకు తయారవుతారన్నది విషయం. పక్కనే గడ్డం, ఉన్ని టోపీ ఉన్న ఒకతని ఫొటో. తన బొమ్మ అడగకుండా వేశారని ఒకాయన మండిపడ్డాడు. ఆరా తీస్తే ఫొటోలో ఉన్నది ఆయన కాదు, వేరే ఎవరో! అప్పట్లో పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను.

రాత్రి ఆ ఫొటో మళ్లీ వెతికి చూశాను. ఒక్క క్షణం నేనేననుకున్నాను.

ఇట్లు,
భుజాలు తడుముకుంటున్న ఒక నిర్దోషి