నాలుగంకెల తాళం గారికి బహిరంగ లేఖ

అయ్యా,

థర్మాకోల్ కాకతీయ తోరణానికి, పొగ మిషన్‌కు, ఎర్ర లైట్లకు లక్షలు పోసి, క్లూలు వెతికి, తాళాలు తీసి గంటలో గది నుంచి బయటపడే ఆట నడిపే మా హనుమకొండ ఎస్కేప్ రూమ్‌కు మిమ్మల్ని మాత్రం రెండొందలకు బేరమాడి తెచ్చాం. రుద్రమదేవి ఖజానాకు నంబరు తాళమేందని ఏ గిరాకీ అడగలేదు. మీరు మాత్రం ఆ రెండొందల సంగతి మరిచిపోలేదు.

మీ దగ్గర పదివేల నంబర్లున్నాయని మీ ధీమా. ఎన్‌ఐటీ పిల్లలకు మూడంకెలు దొరికితే చాలు, నాలుగో చక్రం పదిసార్లు తిప్పి ఊడదీస్తారు. ఆఖరి క్లూ ఎవరూ చూడకుండా గోడకే మిగులుతుంది. మీ తమ్ముడు మూడంకెలోడు మరీ అగ్గువ: సెకనుకొకటి చొప్పున వెయ్యీ తిప్పినా 16 నిమిషాల 40 సెకన్లే. అందుకే నాలుగంకెలూ ఒకే క్లూలో రావాలి. ఒకే గదిలో మీ కవలలను పెట్టొద్దు. దొరికిన ప్రతి నంబరూ ఇద్దరి మీదా తిప్పి చూస్తారు.

అసలు కోపం వేరే ఉంది. కొక్కెం తిప్పి నొక్కితే కొత్త నంబరు ఒప్పేసుకునే రకం మీరు. తెరిచాక ఎవరో ఊరికే చక్రాలు తిప్పి నొక్కుతారు. ఇక ఆ నంబరు వాళ్లకూ తెలియదు, మాకూ తెలియదు, బయట తర్వాతి బ్యాచ్ నిలబడి ఉంటుంది. పిన్ను గుచ్చితేనే నంబరు మారే మీ అన్నను కొనాలి, అదే రకం ఇంకొకటి స్పేర్‌గా పక్కన ఉంచాలి, మూసే ముందు ప్రతిసారీ నంబరు కలిపి చూడాలి. బిగుసుకుంటే కొబ్బరినూనె పోయొద్దు, దుమ్ము పట్టి ఇంకా మొరాయిస్తారు. గ్రాఫైట్ పొడి చాలు.

మీ అలక ఖరీదు చెప్తాం. గంట ఆట, పది నిమిషాల సూచనలు, ఇరవై నిమిషాల సర్దుడు. పొద్దున 11 నుంచి రాత్రి 9 దాకా ఆరు ఆటలే పడతాయి. తలకు 400 చొప్పున నలుగురొస్తే ఆటకు 1,600, ఆదివారం గల్లాలో 9,600. సోమవారం ఒక్క ఆట పడితే అదే బోణీ, కిరాయి మాత్రం రోజూ నడుస్తుంది. పైగా ఆడినోళ్లు మళ్లీ రారు, హాస్టల్‌లో గుట్టంతా చెప్పేస్తారు. మీ నంబరు మార్చి లాభం లేదు, క్లూల దారే మార్చాలి.

మీ పెత్తనం పెట్టెల వరకే. బయటి తలుపు లోపలి నుంచి చెవి లేకుండా తెరుచుకోవాలి, అసలే మన తోరణం థర్మాకోల్‌ది. లోపలి తలుపు పట్టుకునే మీ బావ, అయస్కాంతం తాళం, కరెంటు పోగానే వదిలేస్తాడు. ప్రాణానికి మంచిదే, ఆట మాత్రం అక్కడే ఆగం. యూపీఎస్ పెట్టినా సరే, ఆపదకు పెట్టిన ఎర్ర బటన్ నొక్కితే ఆయనకు కరెంటు ఆగిపోయేలా వైరింగ్ ఉండాలి.

రేపు పదకొండింటికి మొదటి బ్యాచ్. నంబరు పాతదే.

ఇట్లు,
డ్రాయర్‌లో బోల్ట్ కట్టర్ పెట్టుకున్నవాళ్లు