సరైన జవాబు: ఆటో హాన్

మన తెలుగువాళ్ల విజ్ఞానానికి పోటీ పరీక్షల బిట్ బ్యాంకులు చేసిన సేవ ఇంతా అంతా కాదు. ఏ సంగతినైనా నాలుగు ఆప్షన్లకి కుదించి, ఒకదానికి టిక్కు పెట్టేస్తే ఇక జన్మలో దాని గురించి ఆలోచించే పని ఉండదు. "కేంద్రక విచ్ఛిత్తిని కనుగొన్నది ఎవరు? జవాబు: ఆటో హాన్." అయిపోయింది. తర్వాతి బిట్టు, విటమిన్ సి లోపిస్తే వచ్చే జబ్బు ఏది?

అసలు విచ్ఛిత్తి అంటే ఏమిటని మాత్రం అడక్కూడదు. అడిగితే ముందు "నీది ఏ గ్రూపు?" అంటారు. బైపీసీ వాళ్లకి అది అమీబా సొత్తు. ద్విధా విచ్ఛిత్తి, ఒక కణం నడుం దగ్గర సన్నబడి రెండైపోవడం, బొమ్మ గీసి భాగాలు గుర్తించుము. ఎంపీసీ వాళ్లకి అది యురేనియం సొత్తు. న్యూట్రాన్ తగులుతుంది, కేంద్రకం రెండు ముక్కలవుతుంది, సమీకరణం రాయుము. (పేపర్లో రోజూ కనబడే విచ్ఛిన్నకర శక్తులు ఏ గ్రూపో ఎవరూ తేల్చలేదు.)

ఎవడో అమాయకుడు లేచి, "సార్, అక్కడా విచ్ఛిత్తే, ఇక్కడా విచ్ఛిత్తే కదా, ఈ రెంటికీ ఏమైనా చుట్టరికమా?" అన్నాడనుకోండి. "జువాలజీ సార్నడుగు" అంటారు ఫిజిక్స్ సారు. "యురేనియం మన చాప్టర్ కాదు నాన్నా" అంటారు జువాలజీ సారు. వాడు పట్టు వదలకుండా స్టాఫ్ రూముకి వెళ్తే సార్లిద్దరూ ఒకే బల్ల దగ్గర, ఒకే పొట్లంలోంచి మిరపకాయ బజ్జీలు తింటూ ఉంటారు. బజ్జీ దగ్గర లేని సరిహద్దు అమీబా దగ్గర వచ్చేస్తుంది. ఈలోగా ఇన్‌ఛార్జి గారు దిగి, "మొన్న వీకెండ్ టెస్టులో ర్యాంకెంత?" అంటారు. వాడు నీళ్లు నములుతాడు. ఇంటికి ఫోన్ వెళ్తుంది. "ఏమండీ, మీవాడు విచ్ఛిత్తి విచ్ఛిత్తి అని తిరుగుతున్నాడు, కాస్త చూసుకోండి." తండ్రి టెన్షన్‌తో పెరుగన్నం డబ్బా, హాస్పిటల్ ఫైలు పట్టుకుని రాత్రి బస్సెక్కుతాడు.

ఆ కుర్రాడు అడిగింది తెలివితక్కువ ప్రశ్నేమీ కాదు. 1939 జనవరిలో ఆటో ఫ్రిష్ అనే ఫిజిక్సు ఆయన కోపెన్‌హాగన్‌లో సరిగ్గా ఈ గోడే దాటాడు. అక్కడ పనిచేస్తున్న విలియం ఆర్నాల్డ్ అనే అమెరికన్ జీవశాస్త్రవేత్త దగ్గరికెళ్లి, కణం రెండుగా చీలడాన్ని మీవాళ్లు ఏమంటారని అడిగాడు. బైనరీ ఫిషన్ అన్నాడాయన, అంటే మన ద్విధా విచ్ఛిత్తే. బైనరీని వదిలేసి ఫిషన్‌ని తెచ్చుకున్నాడు ఫ్రిష్. ఆ ఫిబ్రవరిలో 'నేచర్' పత్రికలో ఆ మాట అచ్చయింది. అంటే యురేనియం అమీబా దగ్గర పేరు అరువు తెచ్చుకుంది. మన కాలేజీలో అయితే ఫ్రిష్ ఇంటికి ఆ రోజే ఫోన్ వెళ్లేది.

ఆ వ్యాసం కింద ఫ్రిష్‌తో పాటు ఇంకో పేరుంది. లీసా మైట్నర్, ఆయన పిన్ని. హాన్‌తో కలిసి బెర్లిన్‌లో ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి. 1938 జులైలో, యూదు కుటుంబంలో పుట్టినందుకు, నాజీల నుంచి తప్పించుకుని దేశం దాటింది. డిసెంబరులో హాన్ దగ్గర్నుంచి ఉత్తరం. యురేనియంని న్యూట్రాన్లతో కొడితే దానికంటే ఎంతో తేలికైన బేరియం వస్తోంది, ఇదెలా సాధ్యమో నువ్వే చెప్పాలి అని. క్రిస్మస్ సెలవుల్లో స్వీడన్‌లోని కుంగెల్వ్ అనే ఊళ్లో, మంచులో నడుస్తూ నడుస్తూ పిన్నీ కొడుకూ ఒక చెట్టు మొద్దు మీద కూర్చుని, జేబులో ఉన్న కాగితం ముక్కల మీద లెక్క కట్టారు. కేంద్రకం చీలితే ప్రోటాన్‌లో అయిదో వంతు ద్రవ్యరాశి మాయమవుతుంది, దాన్ని శక్తిగా మారిస్తే దాదాపు 200 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు. చీలిన ముక్కలు ఒకదాన్నొకటి తోసుకుంటూ దూసుకుపోయే శక్తీ దాదాపు అంతే. లెక్క సరిపోయింది. జరిగిందేమిటో ప్రపంచంలో మొట్టమొదట అర్థమైంది అక్కడే.

1944 కెమిస్ట్రీ నోబెల్ హాన్ ఒక్కడికే ఇచ్చారు. పక్కనే నిలబడి ప్రయోగం చేసిన స్ట్రాస్‌మన్‌కి కూడా లేదు. హాన్ గొప్ప కెమిస్టే, కాదన్నదెవరు? ఆ బేరియాన్ని పట్టుకోవడం మామూలు పని కాదు. కానీ పట్టుకున్నదేమిటో చెప్పమని ఎవర్ని అడిగాడయ్యా? 1907లో ఆవిడ బెర్లిన్ వస్తే, ఆడవాళ్లకి పై అంతస్తు ల్యాబుల్లోకి ప్రవేశం లేదని కింద వడ్రంగి గదిలో కూర్చోబెట్టారు. బాత్రూముకి వీధిలోకి పోవాల్సిన గతి. ఏళ్ల తరబడి జీతం లేదు. నలభైకి పైగా సార్లు నోబెల్‌కి నామినేషన్లు వెళ్లినా ఒక్కసారీ ఇవ్వలేదు. ఆ ప్రయోగ సామగ్రిని మ్యూనిక్ మ్యూజియంలో 'ఆటో హాన్ బల్ల' అని దశాబ్దాల పాటు ప్రదర్శించారు. సిగ్గుండాలి! అక్కడివాళ్లకైతే హిట్లర్ కాలమనే సాకైనా ఉంది. హైదరాబాద్‌లో కూర్చుని బిట్లు రాసేవాడికి ఏం అడ్డొచ్చింది?

1997లో ఆవర్తన పట్టికలో 109వ మూలకానికి మైట్నీరియం అనే పేరు ఖాయం చేశారు. 105కి హాన్ పేరు పెడదామనుకున్న హానియం అదే ఏడాది ఎగిరిపోయింది. ఈ కబురు మన బిట్ బ్యాంకుల దాకా వచ్చేసింది కూడా. "109వ మూలకం సంకేతం ఏది? జవాబు: ఎంటీ."