బిడ్డ ఒకటి, బారసాలలు రెండు

ఫిబ్రవరి 28 వస్తోందంటే నాకు టెన్షన్. జాతీయ సైన్స్ దినోత్సవం నాడు ముఖ్య అతిథిగారు మైకు సవరించుకుని "సైన్స్‌కు సరిహద్దులు లేవు" అనక మానరు. నేనూ చప్పట్లు కొడతాను. శాలువా కప్పేదాకా బయటికి పోనివ్వరు కదా.

నిజమే, లేవు. కావాలంటే ప్రయోగశాలలో తయారుచేసే 104వ మూలకాన్ని అడగండి. 1964లో సోవియట్ దుబ్నా పరిశోధనశాల వాళ్లు ప్లుటోనియంను నియాన్‌తో కొట్టి, బిడ్డ పుట్టిందన్నారు. తమ అణుబాంబు పెద్దాయన పేరు కలిపి కుర్చటోవియం అని పిలిచారు. 1969లో అమెరికా బర్క్‌లీ పరిశోధనశాల వాళ్లు కాలిఫోర్నియంను కార్బన్‌తో కొట్టి, అసలు బిడ్డ ఇదీ, పేరు రూథర్‌ఫోర్డియం అన్నారు. బిడ్డ పుట్టిందనడానికి కేంద్రకం తనంతట తానే చీలితే దుబ్నాకు చాలు. బర్క్‌లీకి అది సాక్ష్యమే కాదు. కేంద్రకం విసిరే చిన్న తునక, అదే ఆల్ఫా కణం, కనబడాలి, ఆ వెనకే మిగిలిన కూతురు కేంద్రకమూ పట్టుబడాలి. ఎవరింట్లో ఏ పరికరం ఉంటే అదే ప్రమాణం! సెకన్లలో కన్నుమూసే ఆ బిడ్డకు పేరు ఖాయమయ్యేసరికి 1997 వచ్చింది. 104 బర్క్‌లీ చెప్పిన పేరుకే పోయింది. 105కు దుబ్నియం అని పెట్టి రెండో వియ్యంకుణ్ణి ఊరుకోబెట్టారు.

తర్వాత వియ్యంకులు కలిశారు. 117వ మూలకం కోసం 2009లో అమెరికా ఓక్ రిడ్జ్ పరిశోధనశాల వాళ్లు, కాల్షియంతో కొట్టడానికి 22 మిల్లీగ్రాముల బెర్కీలియం అనే లోహం దుబ్నాకు పంపారు. 330 రోజుల్లో సగమైపోయే సరుకు. రష్యా కస్టమ్స్ వాళ్లు కాగితాలు సరిగా లేవని తిప్పి పంపారు. మళ్లీ వెళ్లింది, మళ్లీ కొర్రీ. మొత్తం ఐదుసార్లు అట్లాంటిక్ దాటింది. నాకు మాత్రం మన మండలాఫీసే కనబడుతోంది: జిరాక్స్ మీద గెజిటెడ్ ముద్ర లేదు, సంతకం గడి దాటింది, సార్ భోజనానికెళ్లారు, రేపు రండి. అవతల సీసం డబ్బాలో బెర్కీలియం తరిగిపోతూనే ఉంది. అయినా 2010లో 117 పుట్టిందని ప్రకటించారు.

2022లో ఉక్రెయిన్ మీదికి ట్యాంకులు తోలారు, ఆ పొత్తూ పోయింది. కాల్షియం కిరణం ఒకరిది, దాని ముందు పెట్టే లోహం మరొకరిది. కస్టమ్స్ కౌంటర్లు కూడా విడగొట్టలేని స్నేహమది! దాన్ని తగలబెట్టినవాళ్లు ఒక్కరోజైనా ప్రయోగశాల గడప తొక్కారా? ఆల్ఫా కణం అంటే ఏమిటో తెలుసా వాళ్లకు?

ఇప్పుడు 120వ మూలకం మీద పడ్డారు. బర్క్‌లీ టైటానియంతో, దుబ్నా క్రోమియంతో. 2024లో బర్క్‌లీ తన పద్ధతికి రిహార్సల్‌గా 116ను చేసి చూసింది: 22 రోజులకు రెండు పరమాణువులు. పిల్ల పుట్టకముందే కుల్ల కుట్టడం పాత సామెత. ఇక్కడ కుల్లలు రెండు, కొలతలు కూడా వేరు.