రీడింగ్ తేడా వచ్చిందని రాసిన పిల్లాడికే మార్కులివ్వాలి

విద్యా సంవత్సరం చివర్లో పిల్లల చేత ఒక వ్యాసం రాయించడం సైన్స్ టీచర్లకు ఇప్పుడు మామూలైంది. ఈ ఏడాది పాఠాల్లో ఏం నేర్చుకున్నావు, ఏ ప్రయోగం నచ్చింది, ఎక్కడ కష్టమనిపించింది, ఇవీ ప్రశ్నలు. ఆలోచన మంచిదే. వచ్చే వ్యాసాలే ఒక్క తీరుగా ఉంటాయి. ప్రయోగాలు ఎంతో ఆసక్తిగా అనిపించాయట, నిత్యజీవితంలో సైన్స్ ఎంత ముఖ్యమో తెలిసిందట, టీచర్‌గారికి కృతజ్ఞతలట. ఏడాది పొడవునా ల్యాబ్‌లో ఒక్క ప్రయోగమూ బెడిసికొట్టలేదు, ఒక్క రీడింగూ తేడా రాలేదు! ఇది నిజం కాదని చదివే టీచర్‌కు తెలుసు, రాసిన పిల్లాడికీ తెలుసు.

ఈ వ్యాసాన్ని రాయించాల్సిందే. కానీ అందులో సగమైనా కుదరని ప్రయోగాల గురించి ఉండాలి. అలా రాసినందుకు మార్కులు తగ్గకూడదు సరికదా, దానికే మార్కులు పడాలి. లేకపోతే ఆ కాగితం దండగ.

లోలకం ప్రయోగం తీసుకోండి. మీటరు పొడవు, చివర లోహపు గోళం. ఇరవై డోలనాలకు పట్టిన కాలాన్ని కొలిచి, ఇరవైతో భాగించి, దాన్నుంచి గురుత్వ త్వరణం కట్టాలి. స్టాప్‌వాచ్ నొక్కుతూనే చాలామంది పిల్లలు ‘ఒకటి’ అనేస్తారు. అనాల్సింది ‘సున్నా’. అందుకే వాళ్లు ‘ఇరవై’ అనేసరికి లోలకం పూర్తి చేసింది 19 డోలనాలే. 40.1 సెకన్లు రావాల్సిన చోట 38.1 వస్తుంది. లెక్క కడితే గురుత్వ త్వరణం 9.8 దగ్గర కాకుండా 10.9 దగ్గర తేలుతుంది. కాలంలో తేడా 5 శాతమే, కానీ సూత్రంలో కాలానికి వర్గం ఉంది కాబట్టి జవాబులో తేడా 10 శాతం దాటిపోతుంది. ఈ ఒక్క పొరపాటును వెతికి పట్టుకున్న పిల్లాడికి దోషం ఎలా పెరుగుతుందో జన్మలో మరిచిపోని పాఠం దొరికినట్టే.

కానీ ల్యాబ్‌లో జరిగేది అది కాదు. రికార్డులో 10.9 కనిపిస్తే ఎర్ర సిరా పడుతుందని వాడికి తెలుసు. అందుకని 9.8 నుంచి వెనక్కి లెక్క కట్టి 40.1, 40.2, 40.0 అని ముచ్చటగా మూడు రీడింగులు రాసేస్తాడు. ఇందుకు సూత్రాన్ని తిప్పి రాయాలి, వర్గమూలం తీయాలి, అనుమానం రాకుండా దశాంశంలో చిన్న తేడాలు పెట్టాలి. నిజం చెప్పాలంటే ప్రయోగం చేయడం కంటే ఇదే కష్టం. ఇంత తెలివినీ మనం దేనికి ఖర్చు పెట్టిస్తున్నాం?

జీవశాస్త్రంలోనూ ఇదే కథ. ఉల్లిపొర మీద కవర్ స్లిప్ వేసేటప్పుడు చిక్కుకున్న గాలిబుడగను మైక్రోస్కోప్‌లో చూసి అదే కణం అనుకునేవాళ్లు ప్రతి క్లాసులోనూ ఉంటారు. రికార్డులో మాత్రం అందరిదీ పుస్తకంలో ఉన్న బొమ్మే.

ఇంకో ప్రయోగంలోనైతే పిల్లల కళ్లకు కనిపించిందే కరెక్టు, వాళ్లకు చెప్పే వివరణే తప్పు. పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో కొవ్వొత్తి వెలిగించి, గ్లాసు బోర్లిస్తారు. మంట ఆరుతుంది, నీళ్లు గ్లాసులోకి ఎక్కుతాయి. ‘ఆక్సిజన్ ఖర్చయింది, ఆ ఖాళీలోకి నీళ్లొచ్చాయి, గాలిలో ఆక్సిజన్ ఐదో వంతని దీన్నిబట్టి తెలుస్తుంది’ అని తరతరాలుగా చెబుతూ వస్తున్నారు. కాస్త నిదానంగా చూసిన పిల్లలకు రెండు విషయాలు కనిపిస్తాయి. గ్లాసు బోర్లించేటప్పుడు అంచు కింద నుంచి బుడగలు పోతాయి. నీళ్లు గబగబా ఎక్కేది మంట మండుతున్నంతసేపూ కాదు, ఆరిన తర్వాత. వేడికి వ్యాకోచించిన గాలి కొంత బయటికి పోయి, మిగిలింది చల్లబడి సంకోచించడమే నీళ్లు ఎక్కడానికి ప్రధాన కారణం. గ్లాసులోని ఆక్సిజన్‌లో చాలా భాగం మిగిలి ఉండగానే మంట ఆరిపోతుంది. ఖర్చయిన కాస్త ఆక్సిజన్ స్థానంలోకి కార్బన్ డయాక్సైడ్ కూడా వస్తుంది. నమ్మకం కుదరకపోతే ఒకటి బదులు మూడు కొవ్వొత్తులు పెట్టి చూడండి, నీళ్లు ఇంకా ఎత్తుకు ఎక్కుతాయి. గ్లాసు అదే, అందులోని ఆక్సిజన్ అంతే. మరి ఆ ఎక్కువ ఎత్తు ఎక్కడిది? ‘మంట ఆరాక నీళ్లెందుకు ఎక్కాయో నాకు అర్థం కాలేదు’ అని ఏడాది చివరి వ్యాసంలో ఒక పిల్ల రాస్తే, ఆ ఒక్క వాక్యం ఎన్ని పొగడ్తలకైనా సాటి వస్తుంది.

సైన్స్ చరిత్ర అంతా ఇలాంటి వాక్యాలతోనే నడిచింది. బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ నత్రజని సాంద్రత కొలుస్తూ పోయాడు. గాలి నుంచి ఆక్సిజన్‌ను, మిగతావాటిని తీసేయగా మిగిలిన నత్రజని లీటరుకు 1.257 గ్రాములు తూగింది. రసాయన పదార్థాల నుంచి తయారు చేసింది 1.251 గ్రాములే తూగింది. తేడా అర శాతం. స్కూలు ల్యాబ్‌లో అయితే రెండింటినీ 1.25 చేసేసి ‘ఫలితం సరిపోయింది’ అని రాసేవాళ్లు, టీచరూ శభాష్ అనేవారు. రేలీ అలా చేయలేదు. ఈ తేడా మొదట ఇంకా చిన్నగా, వెయ్యిలో ఒక వంతుగా కనిపించినప్పుడే, అది ఎందుకొస్తుందో తనకు అంతుపట్టడం లేదు, తెలిసినవాళ్లు చెప్పండి అని 1892లో నేచర్ పత్రికకు ఉత్తరం రాశాడు. అప్పటికే పేరు మోసిన శాస్త్రవేత్త, ‘నాకు తెలియడం లేదు’ అని లోకమంతా చదివే పత్రికలో అచ్చు వేయించుకున్నాడు. ఆ తేడా వెంట ఆయన, రసాయన శాస్త్రవేత్త విలియం రామ్సే పడితే 1894లో బయటపడింది ఆర్గాన్. మనం పీల్చే గాలిలో దాదాపు ఒక శాతం ఉన్న వాయువు, అప్పటిదాకా అదేమిటో ఎవరూ గుర్తించలేదు. 1904లో రేలీకి భౌతికశాస్త్రంలో, రామ్సేకు రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చాయి. మూడో దశాంశ స్థానాన్ని దిద్దకుండా వదిలేసినందుకు దక్కిన ఫలం అది.

ఇక్కడ టీచర్ల వాదన నాకు తెలియనిది కాదు. పిల్లాడు రేలీ కాడు, వాడికి తేడా రావడానికి పాత తూనిక, వదులు క్లాంపు, అజాగ్రత్తే కారణం, కొత్త వాయువు కాదు అంటారు. సిలబస్ ముందుంది, క్లాసు నిండా పిల్లలున్నారు, ఒక్కొక్కరి తప్పూ వెతుకుతూ కూర్చుంటే పరీక్షలెవరు రాయిస్తారు అంటారు. నిజమే, నూటికి తొంభై తొమ్మిది సార్లు కారణం వదులు క్లాంపే. అయితే క్లాంపు వదులుగా ఉందని కనిపెట్టడం కూడా సైన్సే. 2011లో ఇటలీలోని ఒపెరా ప్రయోగ బృందం న్యూట్రినోలనే అతి సూక్ష్మ కణాలు కాంతి కంటే 60 నానోసెకన్లు ముందే చేరాయని ప్రకటించి, తప్పెక్కడుందో వెతకమని తోటి శాస్త్రవేత్తలను అడిగింది. సరిగ్గా బిగించని ఒక ఫైబర్ కేబులే ముఖ్య కారణమని మరుసటి ఏడాది తేలింది. వదులు క్లాంపుకు అన్నయ్య అన్నమాట.

అసలు నన్ను కలవరపెట్టేది ఆర్గాన్ దొరకకుండా పోతుందని కాదు. ల్యాబ్ రికార్డు రాసే పిల్లల్లో శాస్త్రవేత్తలయ్యేది ఏ కొద్దిమందో. మిగతావాళ్లు ఆఫీసుల్లో కూర్చుంటారు, రిజిస్టర్లు నింపుతారు, తనిఖీ నివేదికలు రాస్తారు, టార్గెట్లు చేరామని పైకి పంపుతారు. రావాల్సిన జవాబు ముందే తెలిసినప్పుడు అంకెలను దానికి సరిపెట్టే విద్య వాళ్లకు ఎక్కడ అబ్బింది? ఎవరూ తిట్టకుండా, పైగా మార్కులిచ్చి మరీ నేర్పిన చోటు స్కూలు ల్యాబే. వంతెన నాణ్యత పరీక్షలో బలం తక్కువ వచ్చిన కాంక్రీటు దిమ్మను పక్కన పెట్టేసి, ‘అన్నీ సరిగ్గా ఉన్నాయి’ అని సంతకం పెట్టే ఇంజినీరు కొత్తగా చేస్తున్నదేమీ లేదు. లోలకం దగ్గర నేర్చుకున్నదే చేస్తున్నాడు.

ఈ జబ్బు పెద్దవాళ్లనూ వదల్లేదు. నూనె చుక్కల సాయంతో ఎలక్ట్రాన్ ఆవేశాన్ని కొలిచి, తర్వాత నోబెల్ అందుకున్న మిలికాన్ 1913 పత్రంలో 58 నూనె చుక్కల ఫలితాలిచ్చి, వరుసగా 60 రోజుల్లో పరిశీలించిన చుక్కలన్నీ ఇవేనన్నాడు. ఆయన నోటుపుస్తకాల్లో మాత్రం అంతకంటే చాలా ఎక్కువ చుక్కలున్నాయి. వదిలేయడానికి సరైన కారణాలే ఉండొచ్చు. ‘అన్నీ ఇవే’ అనడానికి మాత్రం కారణం లేదు. పైగా చుక్క కదలికను గాలి ఎంత అడ్డుకుంటుందో చెప్పే స్నిగ్ధతకు తప్పు విలువ వాడటం వల్ల ఆయన జవాబు కాస్త తక్కువ వచ్చింది. తర్వాత కొలిచినవాళ్లు ఒక్కసారిగా సరైన విలువకు రాకుండా మెల్లమెల్లగా పైకి జరిగారని, పెద్దాయన అంకెకు దూరంగా వస్తే తమదే తప్పనుకున్నారని 1974లో భౌతిక శాస్త్రవేత్త ఫైన్‌మన్ ఎత్తిపొడిచాడు. నోబెల్ గ్రహీత అంకె ముందు చదువుకున్నవాళ్లే తడబడితే, ఎర్ర సిరా ముందు పన్నెండేళ్ల పిల్లాడు నిలబడాలని ఎలా ఆశిస్తాం?

అన్నట్టు, ‘ఈ ఏడాది సైన్స్ నాకెంతో నచ్చింది’ రకం వ్యాసాన్ని ఇప్పుడు చాట్‌బాట్ అర నిమిషంలో రాసిపెడుతోంది. ఆకులో పిండిపదార్థం ఉందో లేదో చూసే ప్రయోగంలో ఆకును ఆల్కహాల్‌లో సరిగా మరిగించకపోవడంతో పచ్చదనం పోలేదని, అయోడిన్ వేస్తే ఏ రంగొచ్చిందో చెప్పలేని మరక మిగిలిందని, పక్క బెంచీవాళ్లకు మాత్రం నీలినలుపు చక్కగా వచ్చిందని రాయాలంటే ఆ పూట ఆ బెంచీ దగ్గర ఉండాలి.

చేయాల్సింది పెద్ద సంస్కరణేమీ కాదు. ఫెయిర్ రికార్డు అనేదాన్ని ఎత్తేయాలి. ల్యాబ్‌లో పెన్నుతో రాసిన అబ్జర్వేషన్ నోట్‌బుక్కే రికార్డు కావాలి, కొట్టివేతలతో సహా. వైట్‌నర్‌ను ల్యాబ్‌లోకి రానివ్వకూడదు. ప్రాక్టికల్ మార్కుల్లో జవాబుకు కేటాయించినదాన్ని తగ్గించి, ‘తేడా ఎంత, ఎందుకొచ్చి ఉండొచ్చు, మళ్లీ చేస్తే ఏం మారుస్తావు’ అన్నదానికి ఇవ్వాలి. ఏడాది చివర రాయించే వ్యాసానికి ఆ నోట్‌బుక్కే ఆధారం కావాలి. దానికి ఒకే ప్రశ్న ఇవ్వాలి: ఈ ఏడాది నీకు కుదరని మూడు ప్రయోగాలేవి? మూడూ లేవని రాసిన పిల్లాణ్ని పిలిచి, లోలకం ముందు నిలబెట్టి, స్టాప్‌వాచ్ చేతికివ్వండి.