62 మ్యాచ్‌లకే స్కూట్ పని అయిపోయిందా?

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ 2024 మేలో ఆల్ రూకీ జట్లు, అంటే మొదటి ఏడాది ఆటగాళ్ళలో మేటి వాళ్ళ జాబితా ప్రకటించింది. రెండు జట్లు, పది పేర్లు. వెంబన్యామా, హోల్మ్‌గ్రెన్, బ్రాండన్ మిల్లర్ ఉంటారని అందరికీ తెలిసిందే, డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్ళని వరసగా ఎంచుకునే కార్యక్రమం) 18వ పిక్‌గా వచ్చిన హాకెజ్, 19వ పిక్ పోజెమ్‌స్కీ కూడా ఫస్ట్ టీమ్‌లోకి ఎక్కేశారు, రెండో రౌండ్‌లో 45వ నంబర్‌కి పోయిన జీజీ జాక్సన్‌కి సైతం సెకండ్ టీమ్‌లో చోటు దొరికింది. పోర్ట్‌లాండ్ తీసుకున్న మూడో పిక్, పాయింట్ గార్డ్ (బంతి పట్టుకుని ఆట నడిపేవాడు) స్కూట్ హెండర్సన్ పేరు మాత్రం ఎక్కడా లేదు. ఇంకేముంది, టీవీ ప్యానెళ్ళలో బస్ట్ బస్ట్ (దండగ పిక్) అంటూ భజన మొదలైపోయింది.

జాబితాతో మాకు పేచీ లేదు. ఆడినదాన్ని బట్టి చోటు రాకపోవడం న్యాయమే. 62 మ్యాచ్‌లు, సగటున 14 పాయింట్లు, 5.4 అసిస్టులు (తోటివాడి బుట్టకి దారి తీసిన పాస్‌లు), షూటింగ్ చూస్తే 38.5 శాతం, మ్యాచ్‌కి మూడుకి పైనే టర్నోవర్లు (బంతి అవతలివాళ్ళకి పోగొట్టడం), వీటికి అవార్డులు ఎవరూ ఇవ్వరు. మా ఒళ్ళు మండేది ఆ బస్ట్ అనే మాట ఎవరి నోట్లోంచి వస్తోందో చూసి.

2023 జూన్‌లో ఈ ప్యానెళ్ళవాళ్ళు ఏమన్నారో మర్చిపోయారా? వెంబన్యామా లేని ఏ సంవత్సరంలో అయినా ఇతనే నంబర్ వన్ అన్నారు కదా. షార్లెట్ వాళ్ళు రెండో పిక్‌తో మిల్లర్‌ని తీసుకుంటే వాళ్ళకి బుర్ర లేదన్నట్టు మాట్లాడారు. 2022 అక్టోబర్‌లో నెవాడాలో వెంబన్యామా 37 కొడితే ఇటు ఇతను 28 పాయింట్లు, 9 అసిస్టులతో జట్టుని గెలిపించిన మ్యాచ్ క్లిప్పులు అరిగిపోయేదాకా తిప్పారు. నెత్తికెత్తుకున్నదీ వాళ్ళే, ఇప్పుడు కింద పడేస్తున్నదీ వాళ్ళే, మధ్యలో "మేం తప్పు అంచనా వేశాం" అన్న ఒక్క ముక్క లేదు. 2023లో చెప్పింది కరెక్ట్ అయితే ఇప్పుడంటున్నది తొందరపాటు, ఇప్పుడంటున్నదే కరెక్ట్ అయితే అప్పుడు చెప్పిందంతా సొల్లు. రెండిట్లో ఏదో ఒకటి ఒప్పుకోవాలి, కానీ మాట మార్చినందుకు వీళ్ళని అడిగే నాథుడు లేడు, మార్కులన్నీ ఆ ఇరవై ఏళ్ళ కుర్రాడికే.

అసలు పోర్ట్‌లాండ్ అతన్ని ఏ ఇంట్లోకి తీసుకెళ్ళిందో కూడా చూడాలి కదా. జూన్ 22న డ్రాఫ్ట్ అయ్యాడు, జూలై 1న జట్టు స్టార్ లిలార్డ్ నన్ను వేరే జట్టుకి ట్రేడ్ చెయ్యండి అన్నాడు, సెప్టెంబర్ చివర్లో మిల్వాకీ వెళ్ళిపోయాడు. పదకొండు సీజన్లు జట్టుని మోసిన మనిషి కుర్చీలో పంతొమ్మిదేళ్ళ పిల్లాడిని కూర్చోబెట్టి ఇక నడిపించు అన్నారు. పక్కన ఉండాల్సిన సైమన్స్ మొదటి మ్యాచ్‌లోనే బొటనవేలు దెబ్బ తగిలించుకుని వారాల తరబడి కనపడలేదు, రాబర్ట్ విలియమ్స్ ఆరు మ్యాచ్‌లతో సీజన్ ముగించాడు, షార్ప్ 32 మ్యాచ్‌లే ఆడాడు, బ్రాగ్‌డన్ 39. స్కూట్ కూడా అయిదో మ్యాచ్‌కే చీలమండ మెలిపడి కూర్చున్నాడు. వచ్చాక ఒక రోజు బెంచ్, ఇంకో రోజు స్టార్టింగ్, పక్కన ఎవరుంటారో ఆ రోజు ఇంజురీ రిపోర్ట్ చూస్తే గానీ తెలీదు. ఆ జట్టు ఓక్లహోమాలో 62 పాయింట్ల తేడాతో ఓడింది, మయామీ చేతిలో 60 తేడాతో ఓడింది, మొత్తం 21 గెలిచి 61 పోగొట్టుకుంది. ఇందులో ఒక్క కుర్రాడి పాపం ఎంతో ఆ ప్యానెళ్ళలో కూర్చున్నవాళ్ళలో ఒక్కరైనా లెక్కగట్టారా?

ఆటలో లోపం లేదని మేం అనట్లేదు, ఉంది, కళ్ళకి కనపడుతుంది కూడా. పిక్ అండ్ రోల్ అనే ఎత్తులో జట్టులోని పొడుగాటి సెంటర్ వచ్చి స్కూట్‌ని గార్డ్ చేసేవాడికి అడ్డంగా నిలబడతాడు, అదే స్క్రీన్, స్కూట్‌ని గార్డ్ చేసేవాడు స్క్రీన్ పైనుంచి వెంటపడడు, తాపీగా కింద నుంచి వచ్చేస్తాడు, ఎందుకంటే దూరం నుంచి కొట్టడన్న ధీమా. అవతలి పొడుగాటివాడేమో వెనక్కి జరిగి రింగ్ కింద కాపలా కాస్తాడు. స్కూట్‌కి ఉన్న పెద్ద బలం ఆ మొదటి అడుగు వేగం, ఈ గోడ ముందు అది పనికి రాకుండా పోతుంది, గాల్లోకి లేచాక పాస్ ఎవరికివ్వాలా అని వెతుక్కుంటాడు, బంతి పోతుంది. ఆ సీజన్‌లో త్రీ పాయింటర్ 32.5 శాతమే, అలా ఉన్నంతకాలం ఈ తిప్పలు తప్పవు. కానీ ఇది నేర్చుకుంటే వచ్చే పని. ఆ సీజన్‌లో ఫ్రీ త్రోలు 82 శాతానికి కాస్త అటూ ఇటూగా వేసిన చెయ్యి అది, షాట్ బాగుపడదని ఎలా చెప్తారు? ఆ అడుగు వేగం మాత్రం ఏ కోచూ నేర్పలేడు. జనవరిలో ఓక్లహోమా దగ్గర ఆ పరువు పోయిన మూడు రోజులకే ఫీనిక్స్ మీద 33 పాయింట్లు వేసినప్పుడు ఉన్నది ఆ వేగమే. ఆ రాత్రి మాత్రం ఈ బస్ట్ బ్యాచ్ ఎటు పోయిందో.

ఇందులో ఇంకో తమాషా ఉంది. ఆ సీజన్‌లో స్కూట్ కోచ్ ఎవరు? చాన్సీ బిలప్స్. 1997లో ఆయనా మూడో పిక్కే, బోస్టన్ తీసుకుంది, 51 మ్యాచ్‌లు ఆడించి రూకీ సీజన్ మధ్యలోనే టొరంటోకి పంపేసింది. అక్కణ్ణుంచి డెన్వర్, ఓర్లాండో, మినెసోటా, ఊళ్ళు పట్టుకు తిరిగాడు. చివరికి డెట్రాయిట్‌లో కుదురుకుని 2004లో, అంటే డ్రాఫ్ట్ అయిన ఏడేళ్ళకి, టైటిల్ కొట్టి ఫైనల్స్ ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు) అయ్యాడు, 2024లో హాల్ ఆఫ్ ఫేమ్ పిలుపు వచ్చింది. ఆ బిలప్స్‌ని అప్పుడు లెజెండ్ అని పొగిడిన నోళ్ళే ఆయన శిష్యుడికి ఏడు నెలలు కూడా టైమ్ ఇవ్వబోమన్నాయి. ఇది ఏం న్యాయమండీ?

పాయింట్ గార్డుల కథలు ఇలాంటివి బోలెడు. స్టీవ్ నాష్ రూకీగా సగటున వేసింది 3.3 పాయింట్లు, తర్వాత రెండు ఎంవీపీలు. డారన్ ఫాక్స్ మొదటి సీజన్ 11.6, త్రీలు 31 శాతం కూడా లేవు, 2023లో ఆల్ స్టార్. డారియస్ గార్లండ్‌ని మొదటి ఏడాది ఎన్ని మాటలన్నారో గుర్తుందా, మూడో సీజన్‌కి అతనూ ఆల్ స్టారే.

అందరూ ఇలాగే పైకొస్తారా అంటే రారు, నంబర్ వన్‌గా వచ్చిన ఆంథోనీ బెనెట్ నాలుగు సీజన్లకే లీగ్ నుంచి వెళ్ళిపోయాడు, ఏడాదికి 90 లక్షల డాలర్లకు పైనే తీసుకుంటున్నవాడు మాటలు పడాల్సిందే అనేవాళ్ళూ ఉన్నారు, పడనీండి. పోర్ట్‌లాండ్ జనం భయం కూడా మాకు అర్థమవుతుంది. 1984లో జోర్డన్‌ని వదిలేసి శామ్ బౌయీని, 2007లో డ్యురాంట్‌ని వదిలేసి గ్రెగ్ ఓడెన్‌ని తీసుకున్న ఊరు అది, ఆ ఊరి పక్కనే హిల్స్‌బోరో ఇంటెల్‌లో పనిచేసే మన తెలుగువాళ్ళని అడిగినా ఈ రెండు పేర్లు అప్పజెప్తారు. కానీ వాళ్ళిద్దర్నీ ముంచింది ఎముకలు, మోకాళ్ళు, ఆట రాకపోవడం కాదు. విమర్శించడం వేరు, చాప్టర్ క్లోజ్ అనడం వేరు. టర్నోవర్లు తగ్గించు అంటే విమర్శ. 62 మ్యాచ్‌లకే పనికిరాడు అనేస్తే అది, ఏడాది కిందట తాము వేసిన అంచనాని దాచుకోడానికి కుర్రాడి మీద దుప్పటి కప్పడం.

లీగ్ పెద్దలు మాత్రం తక్కువ తిన్నారా? కాలేజీ ఎందుకు, మా దగ్గరికి రండి, జీతం ఇస్తాం, ప్రో ఆట నేర్పుతాం అని తమ చిన్న లీగ్ జీ లీగ్‌లో ఇగ్నైట్ అని ఒక జట్టు పెట్టారు. స్కూట్ హైస్కూల్ ఏడాది ముందే ముగించుకుని 17 ఏళ్ళకే అందులో చేరాడు, రెండు సీజన్లు ఆడాడు. వరసలో అందరిలా వెళ్ళుంటే 2024 మేకి కాలేజీలో రెండో ఏడాది పూర్తయ్యేది, అంతే వయసు. 2024 మార్చిలో ఇగ్నైట్‌ని ఈ సీజన్‌తో మూసేస్తున్నాం అని ప్రకటించేశారు. దారి వేసినవాళ్ళు దారి మూసేసి చేతులు దులుపుకున్నారు, ఆ దారిన నడిచి వచ్చిన పిల్లాడు మాత్రం రెడీగా లేడేంటని ప్రశ్నలు. ఎవర్ని అడగాల్సింది ఎవర్ని అడుగుతున్నారు?

అన్నిటికన్నా మాకు చిరాకు ఈ తీర్పులిచ్చేవాళ్ళకి తీర్పు లేకపోవడం. ఆటగాడి ప్రతి మిస్సుకీ శాతం ఉంది, ప్రతి టర్నోవర్‌కీ లెక్క ఉంది, రాత్రి ఆడితే పొద్దున్నకి పట్టిక రెడీ. జోస్యం చెప్పినవాళ్ళ పట్టిక ఏది? 2024 జూన్ 26న మళ్ళీ డ్రాఫ్ట్. మళ్ళీ అదే సూట్లు, అవే కుర్చీలు, ఇంకో పంతొమ్మిదేళ్ళవాడిని నెత్తికెత్తుకోడానికి గొంతులు సవరించుకున్నారు. బాబూ, ఆ కొత్త కుర్రాడి గురించి నోరు తెరిచే ముందు మీ 2023 ర్యాంకులు తీసి స్క్రీన్ మీద వెయ్యండి, స్కూట్ గురించి అప్పుడు అన్నదీ ఇప్పుడు అంటున్నదీ పక్కపక్కన పెట్టి చదవండి. ఆ దమ్ము లేకపోతే కనీసం ఇంకో రెండు సీజన్లు అతని జోలికి రాకుండా నోరు మూసుక్కూర్చోండి.