స్నెల్‌ని దించేసినందుకే కప్పు పోయిందా? కొంచెం ఆగండి

అక్టోబర్ వచ్చి, ఎక్కడో ఒక బేస్‌బాల్ మేనేజర్ (టీమ్ కోచ్) బాగా వేస్తున్న పిచర్‌ని (బంతి వేసేవాణ్ణి) కాస్త ముందుగా దించేశాడంటే చాలు, 2020 నాటి ఆ పాత పోస్టు మళ్ళీ చక్కర్లు కొడుతుంది. అందులో ఉండేది ఇదీ: వరల్డ్ సిరీస్ (అమెరికా బేస్‌బాల్ ఫైనల్) ఆరో గేమ్‌లో టాంపా బే రేస్ పిచర్ బ్లేక్ స్నెల్ లాస్ ఏంజెల్స్ డాడ్జర్స్‌కి చుక్కలు చూపిస్తుంటే మేనేజర్ కెవిన్ క్యాష్ లాప్‌టాప్ మాట విని అతన్ని దించేశాడు, చేతిలోకొచ్చిన కప్పు అక్కడే జారిపోయింది, కళ్ళున్నవాడెవడైనా స్నెల్‌ని ఉంచేవాడు, అనలిటిక్స్ (నంబర్ల లెక్కలు చూసి ఆడించడం) అనే దరిద్రం బేస్‌బాల్‌ని చంపేసింది, ఆ కోపంతోనే స్నెల్ టీమ్ వదిలి పోయాడు. డల్లాస్ వైపు ఉండే మనవాళ్ళకి ఆ సిరీస్ పక్కింట్లో జరిగినట్టే, కోవిడ్ వల్ల అన్ని గేమ్‌లూ ఆర్లింగ్టన్‌లోని గ్లోబ్ లైఫ్ ఫీల్డ్‌లోనే పెట్టారు కదా, అందుకేనేమో ఈ పోస్టుని మన గ్రూపుల్లో కూడా తెగ తిప్పుతారు.

ఒక్కొక్క ముక్కా తీసుకుని చూద్దాం. ముందు ఆ రాత్రి ఏం జరిగిందో చెప్పేస్తా, చూడనివాళ్ళ కోసం.

2020 అక్టోబర్ 27. సిరీస్‌లో డాడ్జర్స్ 3-2తో ముందుంది, నాలుగు గేమ్‌లు గెలిచినవాళ్ళకే కప్పు. మొదటి ఇన్నింగ్స్‌లోనే రాండీ అరోసరేనా హోమ్‌రన్ కొట్టి రేస్‌కి 1-0 ఇచ్చాడు. అక్కణ్ణుంచి స్నెల్ రెచ్చిపోయాడు, 73 పిచ్‌లు (వేసిన బంతులు), 9 స్ట్రైకౌట్లు (బ్యాటర్ మూడు స్ట్రైకులకి ఔట్), ఒక్క వాక్ (నాలుగు చెడ్డ బంతులకి ఊరికే బేస్ ఇవ్వడం) లేదు, హిట్లు (కొట్టి బేస్ ఎక్కడం) రెండే. డాడ్జర్స్ లైనప్‌లో మొదటి ముగ్గురూ, అంటే మూకీ బెట్స్, కోరీ సీగర్, జస్టిన్ టర్నర్, తలా రెండుసార్లు వచ్చారు, ఆరుసార్లూ స్ట్రైకౌట్. ఆరో ఇన్నింగ్స్‌లో ఒక ఔట్ పడ్డాక చివరి బ్యాటర్ ఆస్టిన్ బార్న్స్ సింగిల్ కొట్టి ఫస్ట్ బేస్ ఎక్కాడు, వరస మళ్ళీ బెట్స్ దగ్గరికొచ్చింది, క్యాష్ డగౌట్ (టీమ్ కూర్చునే చోటు) లోంచి నడిచొచ్చి స్నెల్ దగ్గర బంతి తీసుకున్నాడు, అతని బదులు నిక్ ఆండర్సన్ వచ్చాడు. బెట్స్ డబుల్ కొట్టి సెకండ్ బేస్‌కి చేరాడు. ఆండర్సన్ వైల్డ్ పిచ్ (క్యాచర్‌కి అందని బంతి) వేస్తే బార్న్స్ హోమ్‌కి వచ్చేశాడు, 1-1. సీగర్ ఫస్ట్ బేస్ వైపు నేలబారుగా కొడితే ఆ సందులో బెట్స్ హోమ్‌కి దూసుకొచ్చాడు, 2-1. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో బెట్స్ హోమ్‌రన్‌తో 3-1. 1988 తర్వాత డాడ్జర్స్‌కి అదే మొదటి టైటిల్.

సరే, "చేతిలోకొచ్చిన కప్పు" దగ్గర మొదలుపెడదాం. ఏ చేతిలోకి? 3-2తో వెనకబడిన టీమ్ ఆరో గేమ్ గెలిస్తే 3-3 అవుతుంది, అంతే. ఏడో గేమ్ ఆడాలి, అటు పిచర్ వాకర్ బ్యూలర్ రెడీగా కూర్చున్నాడు, ఇటు చార్లీ మోర్టన్. ఈ సంగతి ఆ పోస్టులో ఒక్కసారి కూడా కనపడదు, చదివినవాడికి ఆ గేమ్ గెలిస్తే కప్పు ఇచ్చేసేవాళ్ళేమో అనిపిస్తుంది. పైగా ఆ రాత్రి రేస్ బ్యాటింగ్ సంగతేంటి? మొదటి ఇన్నింగ్స్ తర్వాత మొత్తం ఎనిమిది ఇన్నింగ్స్‌లో సున్నా. ఒక్క రన్ పెట్టుకుని డాడ్జర్స్ లాంటి లైనప్ మీద గెలవాలంటే స్నెల్ ఒక్కడు కాదు, తర్వాత వచ్చే ప్రతివాడూ తప్పు లేకుండా వేయాలి. చివర్లో హూలియో ఉరియాస్ వచ్చి ఏడుగురు బ్యాటర్లని వరసపెట్టి ఇంటికి పంపాడు, ఒక్కడు బేస్ ఎక్కలేదు. అది కూడా క్యాష్ లాప్‌టాప్ తప్పేనా?

తర్వాతది, "కంప్యూటర్ చెప్పింది, కళ్ళు వేరే చెప్పాయి" అనే మాట. అసలు తిరకాసంతా ఇక్కడే ఉంది. ఆ రోజు లెక్కలన్నీ ఒకవైపు, కళ్ళు ఇంకోవైపు అన్నట్టు రాస్తారు, కానీ లెక్కలు రెండు వైపులా ఉన్నాయి.

దించేయాలి అనే వైపు చూడండి. ఒక బ్యాటర్ అదే పిచర్‌ని మూడోసారి ఎదుర్కున్నప్పుడు బాగా కొడతాడనేది బేస్‌బాల్‌లో ఎప్పటినుంచో తెలిసిన విషయం, బంతి ఎలా వస్తుందో కంటికి అలవాటవుతుంది, పిచర్ చెయ్యి కూడా కొంచెం బరువెక్కుతుంది. గేమ్ అయ్యాక క్యాష్ కూడా ఇదే చెప్పాడు, బెట్స్, సీగర్ మూడోసారి స్నెల్‌ని చూడకూడదనుకున్నానని. క్రికెట్‌లో అయితే బౌలర్‌ని నాలుగు ఓవర్లు పక్కన పెట్టి మళ్ళీ తెచ్చుకోవచ్చు, ఇక్కడ ఒకసారి దిగితే ఆ రోజుకి అంతే, అందుకే ఎప్పుడు దించాలన్నది అంత గొడవ. ఇక స్నెల్ రికార్డు: 2020 సీజన్‌లో ఒక్కటంటే ఒక్క స్టార్ట్‌లో (మొదటి బంతి నుంచి తనే వేసిన గేమ్‌లో) కూడా ఆరు ఇన్నింగ్స్ పూర్తి చేయలేదు. ఇదే సిరీస్ రెండో గేమ్‌లో ఐదో ఇన్నింగ్స్‌లో రెండు ఔట్లు పడేదాకా ఒక్క హిట్ ఇవ్వలేదు, అందరం ఆహా ఓహో అనుకుంటున్నాం, అంతలో క్రిస్ టేలర్ రెండు రన్ల హోమ్‌రన్, వెంటనే బెట్స్‌కి వాక్, సీగర్ సింగిల్. అక్కడ దించేశారు, ఆ గేమ్ రేస్ 6-4తో గెలిచింది, ఆ దించడం గురించి ఎవరూ పోస్టులు పెట్టలేదు. "ఉంచితే తొమ్మిదీ వేసేసేవాడు" అని కామెంట్ పెట్టేవాళ్ళకి ఇంకో మాట, స్నెల్ కెరీర్‌లో మొదటి కంప్లీట్ గేమ్ (తొమ్మిది ఇన్నింగ్సూ ఒక్కడే వేయడం) వచ్చింది 2024 ఆగస్టులో, జెయింట్స్ తరఫున సిన్సినాటి మీద నో-హిట్టర్ (ఒక్క హిట్ కూడా ఇవ్వని గేమ్) వేసినప్పుడు. అప్పటికే రెండు సై యంగ్ అవార్డులు (ఏడాదిలో ఉత్తమ పిచర్‌కి ఇచ్చేవి) కూడా వచ్చేశాయి, కంప్లీట్ గేమ్ మాత్రం లేదు. అతను వేసే తీరే అది, ఎక్కువ పిచ్‌లు, ఎక్కువ స్ట్రైకౌట్లు, తక్కువ ఇన్నింగ్స్.

ఇప్పుడు ఉంచాలి అనే వైపు. బెట్స్ ఆ ఏడాది ఎడమచేతి పిచర్ల మీద .200 సగటుతో (పదిసార్లకి రెండు హిట్లు) కొట్టాడు, కుడిచేతి వాళ్ళ మీద .300 పైన. అంత పెద్ద తేడా. స్నెల్ ఎడమచేయి, ఆండర్సన్ కుడిచేయి. సీగర్ ఎడమచేతి బ్యాటర్, మామూలుగా వాళ్ళకి ఎడమచేతి పిచర్లంటేనే ఇబ్బంది, అంటే అతనికి కూడా స్నెల్‌తోనే కష్టం, పైగా ఆ అక్టోబర్‌లో సీగర్ ఎలాంటి ఫామ్‌లో ఉన్నాడంటే అటు లీగ్ సిరీస్‌కి (సెమీఫైనల్ లాంటిది), ఇటు వరల్డ్ సిరీస్‌కి రెండింటికీ ఎంవీపీ (ఉత్తమ ఆటగాడు) అతనే. ఇంకోటి, చాలామంది మర్చిపోయేది, 2020లోనే కొత్త రూల్ వచ్చింది, లోపలికొచ్చిన రిలీవర్ (మొదటి పిచర్ తర్వాత వచ్చేవాడు) కనీసం ముగ్గురు బ్యాటర్లకి వేయాలి, లేదా ఆ ఇన్నింగ్స్ పూర్తి చేయాలి. అంటే బెట్స్ కోసం కుడిచేయి తెచ్చి, సీగర్ రాగానే ఎడమచేయికి మార్చే వెసులుబాటు లేదు, ఆండర్సన్ వస్తే బెట్స్, సీగర్, టర్నర్ ముగ్గురూ అతనికే. ఇవన్నీ కూడా లెక్కలే కదండీ, కంప్యూటర్‌లో ఉండేవే. కాబట్టి "కంప్యూటర్ దించమంది" అని తేల్చేయడం కుదరదు. నన్నడిగితే నేను బెట్స్‌కి స్నెల్‌నే ఉంచేవాణ్ణి, ఆ .200 చూసి. కానీ అది అటో ఇటో అన్నట్టుండే నిర్ణయం, పిచ్చిపని మాత్రం కాదు.

"పాతకాలం మేనేజర్లు మనసుతో ఆడించేవాళ్ళు, ఊపులో ఉన్న పిచర్‌ని ముట్టుకునేవాళ్ళు కాదు" అనే డైలాగ్ ఒకటుంది. బాస్టన్ వాళ్ళని అడగండి ఈ మాట. 2003, యాంకీస్ మీద లీగ్ సిరీస్ ఏడో గేమ్, ఎనిమిదో ఇన్నింగ్స్‌లో 5-2 లీడ్, పెడ్రో మార్టినెజ్ అలిసిపోయాడని టీవీలో చూస్తున్నవాళ్ళకి కూడా తెలుస్తోంది, మేనేజర్ గ్రేడీ లిటిల్ మౌండ్ (పిచర్ నిలబడే దిబ్బ) దాకా వెళ్ళి మాట్లాడి, పెడ్రోని ఉంచేసి వెనక్కొచ్చాడు. స్కోరు సమం అయింది, పదకొండో ఇన్నింగ్స్‌లో ఆరన్ బూన్ హోమ్‌రన్‌తో సీజన్ ఖతం, లిటిల్ ఉద్యోగం కూడా అంతే. 2015లో మెట్స్ సంగతి ఇంకా ఘోరం. వరల్డ్ సిరీస్ ఐదో గేమ్, మ్యాట్ హార్వీ ఎనిమిది ఇన్నింగ్స్ ఒక్క రన్ ఇవ్వకుండా వేశాడు, తొమ్మిదోది కూడా నేనే వేస్తానని పట్టుబట్టాడు, మేనేజర్ టెర్రీ కాలిన్స్ మనసు కరిగి సరే అన్నాడు. ఒక వాక్, ఒక డబుల్, 2-0 లీడ్ కరిగిపోయింది, పన్నెండో ఇన్నింగ్స్‌లో రాయల్స్ 7-2తో గేమూ కొట్టారు, కప్పూ కొట్టారు. మనసు మాట వింటే గెలుస్తారని రూలేం లేదు. ఉంచి ఓడితే "మెత్తనోడు", దించి ఓడితే "రోబో". ఏ ఎండకా గొడుగు.

ఆ గొడుగు ఎంత తొందరగా తిరిగిందో చూడాలంటే పది రోజులు వెనక్కి వెళ్ళండి చాలు. అక్టోబర్ 17, హ్యూస్టన్ మీద లీగ్ సిరీస్ ఏడో గేమ్. 3-0 లీడ్, మోర్టన్ 66 పిచ్‌లే వేశాడు, రెండు హిట్లు, రన్లు సున్నా, ఆరో ఇన్నింగ్స్‌లో రెండు ఔట్లు, బేసుల మీద ఇద్దరు. క్యాష్ వచ్చి దించేశాడు. ఎవరిని తెచ్చాడు? నిక్ ఆండర్సన్‌నే. మైకేల్ బ్రాంట్లీ గ్రౌండ్ ఔట్, ఇన్నింగ్స్ అయిపోయింది, రేస్ 4-2తో గెలిచి వరల్డ్ సిరీస్‌కి వచ్చింది. అదే మేనేజర్, అదే ఇన్నింగ్స్, అదే రిలీవర్. అప్పుడు జీనియస్ అన్నారు.

ఇక "అనలిటిక్స్ ఓడిపోయింది" అనే హెడ్డింగ్. ఇది చదివితే నవ్వొస్తుంది నాకు, ఎందుకంటే గెలిచిన డగౌట్‌లో కూర్చున్నదెవరు? డాడ్జర్స్ తమ స్టార్టర్ (మొదటి పిచర్) టోనీ గాన్సోలిన్‌ని ఆ రాత్రి ఐదు ఔట్లకే దించేశారు, రెండో ఇన్నింగ్స్ కూడా పూర్తి కాకుండానే! తర్వాత ఆరుగురు రిలీవర్లు వరసగా వచ్చారు, ఒక్కరు కూడా రన్ ఇవ్వలేదు. అంటే లెక్క చూసి ముందే దించేయడం అనే పని రేస్ కన్నా డాడ్జర్స్ ఎక్కువ చేసింది ఆ రోజు. డాడ్జర్స్‌ని నడిపించే ఆండ్రూ ఫ్రీడ్‌మన్ ఎవరనుకున్నారు, 2014 దాకా ఇదే టాంపా బేని కట్టినవాడు, అక్కడ నేర్చిన విద్యే లాస్ ఏంజెల్స్ డబ్బుతో కలిపాడు, బెట్స్‌కి 12 ఏళ్ళకి 36.5 కోట్ల డాలర్ల కాంట్రాక్టు ఇవ్వగలిగాడు. రెండు స్కూళ్ళ మధ్య యుద్ధం కాదది, ఒకే స్కూల్లో చదివిన ఇద్దరు, ఒకడి జేబులో డబ్బులెక్కువ.

స్నెల్ అలిగి వెళ్ళిపోయాడన్నది కూడా అంతే. డిసెంబర్ చివర్లో శాన్ డియేగోకి ట్రేడ్ చేశారు, నిజమే, కానీ ట్రేడ్ చేసేది టీమ్, పిచర్ అలిగితే జరిగేది కాదు. 2019లో ఐదేళ్ళకి 5 కోట్ల డాలర్ల కాంట్రాక్టు రాసుకున్నాడు, అందులో ఇంకా 3.9 కోట్లు మిగిలున్నాయి, రేస్ లాంటి పిసినారి టీమ్ జీతం పెరిగే టైమ్‌కి స్టార్‌ని అమ్మి కుర్రాళ్ళని తెచ్చుకోవడం కొత్తేం కాదు. అతను పోయాక వచ్చిన 2021లో రేస్ సరిగ్గా 100 గేమ్‌లు గెలిచింది.

మరి క్యాష్ తప్పేం లేదా అంటే, ఉంది. పెద్దదే ఉంది. కాకపోతే ఆ పోస్టు చూపించిన చోట లేదు.

నిక్ ఆండర్సన్. రెగ్యులర్ సీజన్‌లో ఇతను మామూలోడు కాదు, ఈఆర్‌ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఇచ్చే రన్లు) 0.55, పదహారున్నర లోపు ఇన్నింగ్స్‌లో 26 స్ట్రైకౌట్లు, మూడే వాక్‌లు. ఆ నంబర్లు చూసే అతన్ని నమ్ముకున్నారు. కానీ అక్టోబర్‌లో కథ మారిపోయింది, ఆరో గేమ్‌కి ముందు వరసగా ఆరుసార్లు వేయడానికి వస్తే ఆరుసార్లూ అతని ఖాతాలో రన్ పడింది. హ్యూస్టన్ మీద గెలిచిన ఆ ఏడో గేమ్‌తో సహా. ఆరో గేమ్‌తో అది ఏడు అయింది. ఎందుకో చూడండి: అదే అక్టోబర్‌లో యాంకీస్ మీద సిరీస్ ఐదో గేమ్‌లో ఒక్కరోజే రెండు ఇన్నింగ్స్, పైన ఇంకో రెండు ఔట్లు వేయించారు. ఆ పోస్ట్‌సీజన్ (నాకౌట్ సిరీస్‌లు) మొత్తం మీద 14 ఇన్నింగ్స్ పైన వేశాడు, అంటే రెండు నెలల రెగ్యులర్ సీజన్‌లో ఎంత వేశాడో ఇంచుమించు అంతా నెల రోజుల్లోపే పిండేశారు. మరుసటి మార్చిలో మోచేతి లిగమెంట్ కొంత చిరిగిందని తేలింది, 2021 సీజన్ దాదాపు మొత్తం పోయింది.

లెక్కలంటే జూలై, ఆగస్టు లెక్కలేనా? నిన్నటివి కావా? మూడోసారి చూస్తే బ్యాటర్ కొడతాడనే సాధారణ సూత్రాన్ని స్నెల్‌కి పెట్టినవాళ్ళు, అలిసిపోయిన చేతికి బ్యాటర్లు కొడతారనే అంతకన్నా సాధారణ సూత్రాన్ని ఆండర్సన్‌కి పెట్టలేదు. స్నెల్ గురించి జాగ్రత్త, ఆండర్సన్ గురించి గుడ్డినమ్మకం. అది అనలిటిక్స్ ఎక్కువై జరిగింది కాదు, సగమే చదివి వదిలేస్తే జరిగింది.

మరి ఆండర్సన్ బదులు ఎవరంటే, హ్యూస్టన్ మీద ఆఖరి ఔట్ తీసింది పీట్ ఫెయిర్‌బ్యాంక్స్, అతను బుల్‌పెన్‌లోనే (రిలీవర్లు ఎదురుచూసే చోటు) ఉన్నాడు. అతను వస్తే గెలిచేవాళ్ళా అంటే అది కూడా చెప్పలేం, ఎందుకంటే ఎనిమిదిలో బెట్స్ హోమ్‌రన్ కొట్టింది అతని బంతినే. ఎడమచేతి ఆరన్ లూప్ కూడా ఉన్నాడు, అతన్నీ వాడారు ఆ రాత్రి, కానీ అప్పటికే స్కోరు 2-1.