సంతకం దాకా రానివ్వకండి

ముప్పై దాటి, ఏ జట్టులోనూ లేకుండా ఖాళీగా ఉన్న వైడ్ రిసీవర్‌ని, అంటే విసిరిన బంతి పట్టే ఆటగాణ్ణి, తీసుకుందామా, వద్దా? అమెరికన్ ఫుట్‌బాల్ యజమానులు ఏటా ఈ ప్రశ్న దగ్గరే జుట్టు పీక్కుంటారు. అనవసరం. అతన్ని పిలవాలి, భోజనం పెట్టాలి, ఊరు చూపించాలి, సాగనంపాలి. సంతకం మాత్రం చేయించుకోకూడదు.

ఈ శాస్త్రానికి ఆద్యులు డాలస్ కౌబాయ్స్ అధిపతి జెర్రీ జోన్స్. 2022 మార్చిలో వారు అమరి కూపర్ అనే నిఖార్సైన రిసీవర్‌ని క్లీవ్‌లాండ్ జట్టుకి అయినకాడికి ఇచ్చేశారు. పాడిగేదెను అమ్మేసుకుని, డిసెంబరులో చెంబు పట్టుకుని పాలకోసం బయల్దేరారు. ఎదురుగా ఖాళీగా ఉన్న మరో రిసీవర్, ఓడెల్ బెక్‌హామ్ జూనియర్.

ఆ ఫిబ్రవరిలో రామ్స్ జట్టు తరఫున సూపర్ బౌల్ అనే ఫైనల్లో మొదటి టచ్‌డౌన్ చేసి, సగం ఆటైనా కాకముందే మోకాలు పాడుచేసుకున్నాడాయన. ఆ డిసెంబరు దాకా మళ్ళీ మైదానంలో దిగలేదు. అదే కలిసొచ్చింది. ఆడనివాడి చేతిలోంచి బంతి జారదు కదా!

జెయింట్స్, బిల్స్ జట్ల మర్యాదలు అందుకుని డిసెంబరు 5న డాలస్ వచ్చాడు. అప్పటి కౌబాయ్స్ ఆటగాళ్ళు మైకా పార్సన్స్, ట్రెవాన్ డిగ్స్ దగ్గరుండి బాస్కెట్‌బాల్ మ్యాచ్‌కి తీసుకెళ్ళారు. ఊరు బాగుంది, మర్యాద బాగుంది, మోకాలొక్కటే బాగాలేదు. సంబంధం అక్కడే ఆగింది. దీన్ని వైఫల్యమన్నవాళ్ళకు లెక్కలు రావు. ఒక్క డాలరు జీతం లేకుండా అన్ని రోజుల పతాక శీర్షికలు!

సంతకం చేయించుకుంటే ఏమవుతుందో బాల్టిమోర్‌ని అడగండి. 2023లో రేవెన్స్ ఆయనకు కోటిన్నర డాలర్లు ఖాయం చేసింది. ఏడాదిలో పట్టిన పాసులకు వచ్చినవి 565 గజాలు. గజం 26 వేల డాలర్ల పైచిలుకు, మన డబ్బుల్లో 20 లక్షల పైమాటే. అదే ఏడాది కోకాపేట వేలంలో ఎకరం 100 కోట్లు దాటిందని హైదరాబాద్ నోరు వెళ్ళబెట్టింది. అక్కడ గజం 2 లక్షల చిల్లరే! పైగా ఆ గజం మీద ఇల్లు కట్టుకోవచ్చు. మరుసటేడు మయామీలో 9 క్యాచ్‌లు, 55 గజాలు. డిసెంబరు దాటకుండానే సెలవు.

ఇంత స్పష్టంగా ఉన్నా కౌబాయ్స్ ఒక అపచారం చేశారు. బెక్‌హామ్ వెళ్ళిన వారానికే, ఊరేగింపూ లేదు మంతనాలూ లేవు, టి.వై. హిల్టన్ అనే 33 ఏళ్ళ పెద్దమనిషితో సంతకం చేయించేశారు. ఈయనకి పద్ధతులు బొత్తిగా తెలియవు. డిసెంబరు 24న ఈగిల్స్ మీద నాలుగో క్వార్టర్‌లో, ఉన్న నాలుగు ప్రయత్నాల్లో మూడోదానికి వచ్చేసరికి ఇంకా 30 గజాలు కావాలి. ఆశ వదులుకుని చిప్స్ తినే సమయం అది. కౌబాయ్స్ క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్ బంతి విసిరాడు, హిల్టన్ పట్టేశాడు. 52 గజాలు. ఆట 40-34తో గెలిచారు. ఆ రోజు ఆయన పట్టింది ఆ ఒక్కటే.

దీనివల్ల జరిగిన నష్టం చిన్నది కాదు. ముసలి రిసీవర్‌ని తెచ్చుకుంటే బంతి పట్టుకుంటాడన్న దురాశ అభిమానుల్లో మొలకెత్తింది. జనవరిలో ఫార్టీనైనర్స్ జట్టు 19-12తో కౌబాయ్స్‌ని ఇంటికి పంపేసరికి గానీ అది సద్దుమణగలేదు.

అసలు బెక్‌హామ్‌కి పేరు తెచ్చిన ఆ ఒంటిచేతి క్యాచ్, 2014లో ఈ కౌబాయ్స్ మీద పట్టిందే. ఆ ఆట గెలిచింది కౌబాయ్స్. ఎవరికి గుర్తుంది?

కౌబాయ్స్ చివరిసారి సూపర్ బౌల్ గెలిచింది 1996 జనవరిలో. ఆ ఏడాది పుట్టిన మన పిల్లలు డాలస్ పక్కన ఫ్రిస్కోలో, జట్టు ప్రధాన కార్యాలయానికి దగ్గర్లోనే, ఇళ్ళ బేరాలాడుతున్నారు. వాళ్ళకైనా ఆ లోటు తెలియకూడదంటే ఏడాదికొక పాత రిసీవర్ విమానం దిగుతూ ఉండాలి. తిరుగు టికెట్టు ముందే తీసిపెట్టండి, చివర్లో రేటు పెరుగుతుంది.